112 మెర్సర్ వీధి: ఐన్‌స్టీన్ టపా, ఐన్‌స్టీన్ పద్దు

ఐన్‌స్టీన్‌కి డబ్బు సంగతి అస్సలు పట్టదని, ఓ పెద్ద చెక్కుని పుస్తకంలో గుర్తుకి పెట్టుకుని మరిచేపోయాడని ఒక కథ ఎప్పటినుంచో తిరుగుతోంది. వినడానికి బాగుంటుంది కాబట్టి తిరుగుతోంది. 1933 నుంచి 1955 దాకా ప్రిన్స్‌టన్‌లో ఆయన రాసిన ఉత్తరాలు, కుదుర్చుకున్న ఒప్పందాలు, చివరికి రాసిన వీలునామా పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం వేరే మనిషి కనిపిస్తాడు. సొంత ఖర్చు తక్కువ, మీదపడ్డ బాధ్యతలు ఎక్కువ. ఏ డబ్బు ఎవరి పేరున, ఏ దేశంలో, ఏ షరతు మీద ఉండాలో బాగా తెలిసిన మనిషి. ఆయన అసలు ఆస్తి బ్యాంకులో కాదు, సంతకంలో ఉందన్న సంగతి కూడా అర్థమవుతుంది. ఆ ఇంట్లో టపా పనంతా చాలావరకు ఆ సంతకం విలువ పడిపోకుండా కాపాడుకునే పనే.

ముందు జీతం. 1932లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ ప్రిన్స్‌టన్‌లో తాను కొత్తగా పెడుతున్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి రమ్మంటే ఐన్‌స్టీన్ అడిగింది ఏడాదికి 3,000 డాలర్లు. అంతకంటే తక్కువలో బతకొచ్చంటే అదీ సరేనన్నాడు. అమెరికాలో ఆ స్థాయి ప్రొఫెసర్‌కి ఎంతిస్తారో ఆయనకి తెలియదు, అంతే. ఫ్లెక్స్‌నర్ ఆ లెక్క పక్కనపెట్టి ఐన్‌స్టీన్ భార్య ఎల్సాతో మాట్లాడి తేల్చుకున్నాడు. చివరికి కుదిరింది 15,000. మర్నాడే కోటీశ్వరుడు అయిపోయాడనుకోనక్కర్లేదు. 1933లో నాజీ ప్రభుత్వం జర్మనీలోని ఆయన బ్యాంకు ఖాతాలు లాగేసుకుంది. బెర్లిన్ దగ్గర కాపుట్‌లోని వేసవి ఇల్లు, పడవ కూడా పోయాయి. యాభై నాలుగేళ్ల వయసులో బతుకంతా మళ్లీ ఈ ఒక్క జీతం మీద నిలబెట్టుకోవాల్సి వచ్చింది. 1935లో మెర్సర్ వీధిలో 112 నంబరు ఇల్లు కొన్నాడు. మామూలు చెక్క ఇల్లు. ఎల్సా 1936 డిసెంబరులో పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నది ఆయన, ఎల్సా కూతురు మార్గోట్, సెక్రటరీ హెలెన్ డూకాస్. 1939 నుంచి చెల్లెలు మాయా కూడా.

టపా వ్యవహారంలో మొదటి గొడవ ఇంట్లో రాలేదు, ఇన్‌స్టిట్యూట్‌లోనే వచ్చింది. ఐన్‌స్టీన్‌ని జనం నుంచి కాపాడటం తన బాధ్యత అనుకున్న ఫ్లెక్స్‌నర్, 1933 నవంబరులో వైట్‌హౌస్ నుంచి వచ్చిన ఆహ్వానాన్ని ఆయనకి చూపించకుండానే కుదరదని నేరుగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి రాసేశాడు. ఐన్‌స్టీన్‌కి ఈ విషయం రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలోని హెన్రీ మోర్గెన్‌థావ్ ద్వారా తెలిసింది. నవంబరు 21న అధ్యక్షుడి భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్‌కి క్షమాపణగా ఉత్తరం రాశాడు. 1934 జనవరి 24న ఐన్‌స్టీన్ దంపతులిద్దరూ వైట్‌హౌస్‌లో భోంచేసి ఆ రాత్రి అక్కడే ఉన్నారు. యూదు మతగురువు (రబ్బీ) స్టీఫెన్ వైజ్‌కి రాసిన ఉత్తరంలో పంపినవారి చిరునామా దగ్గర 'కాన్సంట్రేషన్ క్యాంప్, ప్రిన్స్‌టన్' అని పెట్టాడు. రాజీనామా దాకా వెళ్తానని ట్రస్టీలను బెదిరించాక గాని ఆ జోక్యం ఆగలేదు. ఇక్కడ కోపం భోజనం పోయినందుకు కాదు. తన పేరు మీద 'కుదరదు' అని ఇంకొకరు చెప్పడం ఆయనకి మింగుడుపడలేదు. అప్పటినుంచి వడపోత అంతా ఇంట్లోనే, ఒక్క మనిషి చేతిలోనే.

ఆ మనిషి డూకాస్. 1928లో బెర్లిన్‌లో ఆయన గుండె జబ్బుతో మంచం పట్టినప్పుడు ఉద్యోగంలో చేరింది. ఆయన పోయేదాకా ఉంది, పోయాక కూడా 1982లో తాను చనిపోయేదాకా ఆ కాగితాలనే చూసుకుంది. పని తీరు ఇదీ: వచ్చిన ఉత్తరం ముందు ఆమె చదువుతుంది. ఆయన జవాబు చిత్తుప్రతి రాస్తాడు, చాలాసార్లు వచ్చిన కాగితం వెనకవైపే. లేదంటే జర్మన్‌లో నోటితో చెబుతాడు. ఇంగ్లీషులో పోవాల్సింది ఇంగ్లీషులోకి మారుతుంది. టైపు కొట్టేటప్పుడు కింద కార్బన్ పేపరు ఉంటుంది. పైకాగితం మీద ఆయన సంతకం పెట్టాక టపాకి, కార్బన్ కాపీ ఫైలుకి. పిచ్చి సిద్ధాంతాలు, తిట్లు, వింత కోరికలు ఉన్న ఉత్తరాలను కూడా పారేయలేదు. వాటికి 'తమాషా ఫైలు' అని వేరే పెట్టారు. పిల్లల ఉత్తరాలకి మాత్రం ఆయన తరచూ తీరిగ్గా జవాబు రాసేవాడు. శాస్త్రవేత్తలు ప్రార్థన చేస్తారా అని ఆరో తరగతి అమ్మాయి అడిగితే 1936 జనవరి 24న ఇచ్చిన జవాబు ఈరోజుకీ జనం ఎత్తి చెబుతూనే ఉన్నారు.

ఈ పద్ధతి తెలియకపోతే ఐన్‌స్టీన్ ఉత్తరాలు చదవడంలో బోల్తా పడతాం. చేతిరాత చిత్తుప్రతి దొరికిందంటే ఆ ఉత్తరం వెళ్లిందని అర్థం కాదు. కార్బన్ కాపీ ఉంటే తయారైందని నమ్మొచ్చు. కానీ పైకాగితం మీద ఆఖరి నిమిషంలో పెన్నుతో దిద్దినవి, కింద చేర్చిన రెండు వాక్యాలు కార్బన్‌లో పడవు. ఇంగ్లీషు వాక్యం ఎంత అందంగా ఉన్నా అది ఆయన మాటా, అనువదించినవాళ్ల మాటా అని ముందు చూసుకోవాలి. జర్మన్ చిత్తు ఉంటే దాన్నే నమ్మాలి. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలోని భండారంలో 80,000 పైచిలుకు పత్రాలున్నాయి. ఒక్కోదానికి అడ్డగీతతో విడదీసిన రెండు అంకెల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేకుండా నెట్‌లో తిరిగే 'ఐన్‌స్టీన్ అన్నాడు' మాటల్ని పట్టించుకోకపోవడం మంచిది. అచ్చులో వస్తున్న సమగ్ర సంపుటాలు ఇంకా ప్రిన్స్‌టన్ రోజుల దాకా రాలేదు.

1939 ఆగస్టు 2 తేదీతో రూజ్‌వెల్ట్‌కి వెళ్లిన యురేనియం ఉత్తరం, అంటే యురేనియంతో బాంబు చేయొచ్చని హెచ్చరించిన ఉత్తరం కూడా ఇలా చేతులు మారి తయారైనదే. అప్పుడు ఐన్‌స్టీన్ లాంగ్ ఐలండ్‌లోని పెకోనిక్‌లో సెలవుల్లో ఉన్నాడు, డూకాస్ బల్లకి దూరంగా. ఆయన జర్మన్‌లో చెబుతుంటే రాసుకున్నది భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్. దాన్ని ఇంగ్లీషు చేసి కొలంబియా విశ్వవిద్యాలయంలో ఓ స్టెనోగ్రాఫర్‌కి చెప్పి రాయించింది మరో భౌతికశాస్త్రవేత్త లియో జిలార్డ్. పొట్టిదీ పొడుగుదీ రెండు పాఠాలు తయారైతే రెంటి మీదా సంతకం చేసి, పొడుగుది పంపమన్నాడు ఐన్‌స్టీన్. తపాలా డబ్బాలో వేయలేదు. రూజ్‌వెల్ట్‌తో పరిచయమున్న ఆర్థికవేత్త అలెగ్జాండర్ సాక్స్ చేతికిచ్చారు. అది అధ్యక్షుడి చెవిన పడేసరికి అక్టోబరు 11 అయింది. రెండు నెలల పైనే ఆలస్యం, మధ్యలో యూరప్‌లో యుద్ధమే మొదలైపోయింది. చేతికిచ్చి పంపడంలో ఉన్న చిక్కు ఇదే: ఉత్తరం పక్కదారి పట్టదు గాని, తెచ్చేవాడికి దర్శనం దొరికేదాకా కదలదు.

సంతకం అన్నిటికంటే ఎక్కువ ఖర్చయింది నాజీల నుంచి తప్పించుకుని అమెరికా రావాలనుకున్న శరణార్థుల కాగితాల మీద. ఈ వ్యవహారం ఎలా నడిచేదో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఐన్‌స్టీన్ ఉత్తరం రాస్తే చాలు వీసా వచ్చేదని చాలామంది అనుకుంటారు. అప్పటి చట్టం ప్రకారం జర్మనీలో పుట్టినవాళ్లకి ఏడాదికి 25,957 వీసాలు. 1938లో ఆస్ట్రియాని కలిపాక 27,370. ఆ వరసలో నంబరు వచ్చినా సరిపోదు. వచ్చిన మనిషి ప్రభుత్వానికి భారం కాడని కాన్సల్‌కి, అంటే అక్కడ వీసాలిచ్చే అమెరికన్ అధికారికి, నమ్మకం కుదరాలి. అందుకు అమెరికాలో ఉన్నవాడెవడో హామీ పడాలి. ఆ హామీ పత్రం పేరే అఫిడవిట్. హామీదారు నోటరీ చేయించిన అఫిడవిట్ కాపీలు, ఆదాయపు పన్ను రిటర్ను ధ్రువీకరించిన నకళ్లు, ఖాతాలో ఎంతుందో బ్యాంకు ఇచ్చే కాగితం, ఆస్తిపాస్తుల గురించి బాధ్యతగల ఇంకొకరి మాట ఇవన్నీ జతచేయాలి. దరఖాస్తుదారుడి వైపు నుంచి పోలీసు ధ్రువపత్రం, పుట్టిన తేదీ కాగితం, పాస్‌పోర్టు, ఓడ టికెట్టు. వీటిలో ఒకటి వచ్చేసరికి ఇంకొకదాని గడువు తీరిపోయేది.

ఐన్‌స్టీన్ జీతం మంచిదే, పేరు అందరికీ తెలిసిందే. అందుకే మొదట్లో ఆయన హామీ పనిచేసింది. వయొలినిస్టు బోరిస్ ష్వార్జ్ అలా బయటపడినవాళ్లలో ఒకడు. కానీ కాన్సల్ చూసేది పేరు కాదు, కూడిక. ఈ హామీదారు ఇంతకుముందు ఎంతమందికి పూచీ పడ్డాడు, అందరూ ఒకేసారి మీదపడితే ఈ జీతం చాలుతుందా అని లెక్కేస్తాడు. రక్తసంబంధం లేకపోతే అనుమానం ఇంకా ఎక్కువ. చుట్టం కానివాణ్ని ఎన్నాళ్లు పోషిస్తాడులే అని. నోట్లు ఎక్కువ అచ్చేస్తే రూపాయికి ఏమవుతుందో ఆయన సంతకానికీ అదే అయింది. సంతకం పెట్టిన ప్రతి అఫిడవిట్ తర్వాతి అఫిడవిట్‌ని పలచన చేసింది. ఒక దశ తర్వాత తాను పూచీ పడితే లాభం లేదని ఆయనకే తెలిసి, తనకంటే తక్కువ పేరున్నా బ్యాంకులో ఎక్కువ ఉన్నవాళ్ల చేత రాయించడానికి, వాళ్లని ఒప్పించే ఉత్తరాలు రాయడానికి మళ్లాడు. సిఫారసు ఉత్తరాలదీ ఇదే గతి. అడిగిన ప్రతివాడి గురించీ మంచి మాట రాస్తే, చదివేవాడు ఆ మంచి మాటని తీసేసి చదవడం నేర్చుకుంటాడు.

1941 జులైలో వీసా దరఖాస్తుల పరిశీలన అంతా వాషింగ్టన్‌కి మారింది. ఆ నెల 26న ఐన్‌స్టీన్ ఎలినోర్ రూజ్‌వెల్ట్‌కి రాసిన ఉత్తరంలో, అధికారుల నిబంధనలు గోడలా అడ్డం నిలబడి ఆశ్రయం అసాధ్యం చేస్తున్నాయని మొరపెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ల కింద ఆమెకి క్షమాపణ రాసిన చెయ్యే అది. అప్పుడు కాపాడుకున్న పరిచయం ఇప్పుడు ఇలా అక్కరకొచ్చింది. ఫలితం పెద్దగా రాలేదు. తన కాగితాల విషయంలోనూ ఆయనకి మినహాయింపు దొరకలేదు. సందర్శకుడి వీసా మీద వచ్చాడు కాబట్టి, స్థిరనివాసం కావాలంటే దేశం బయట ఉన్న అమెరికన్ కాన్సల్ దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకే 1935 మేలో సకుటుంబంగా బెర్ముడాకి ఓడెక్కి, అక్కడ కాగితాలు పెట్టుకుని తిరిగొచ్చారు. పౌరసత్వం 1940 అక్టోబరు 1న వచ్చింది.

సంతకం బాగా పనిచేసిన సందర్భం ఒకటి మన దేశానికి సంబంధించినది ఉంది, కాలం కాస్త ముందుదైనా చెప్పుకోవాలి. 1924 జూన్ 4న ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసం పంపితే, ఐన్‌స్టీన్ దాన్ని తానే జర్మన్‌లోకి మార్చి పత్రికకి పంపి, బోస్‌కి ఒక పోస్టుకార్డు రాశాడు. ఆ కార్డు చూసి విశ్వవిద్యాలయం రెండేళ్ల సెలవిచ్చింది. జర్మన్ కాన్సులేట్ వాళ్లు వీసా రుసుము కూడా తీసుకోలేదు. ఒక్క కార్డు, ఒక్క మనిషి కోసం. ఎడాపెడా పంచకముందు ఆ సంతకం బలం అది.

డబ్బుగా ఇవ్వలేనప్పుడు పేరుని పెట్టుబడిగా పెట్టడం ఆయనకి బాగా తెలుసు. 1937లో తనతో పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్త లియోపోల్డ్ ఇన్‌ఫెల్డ్‌కి మరో ఏడాది ప్రిన్స్‌టన్‌లో ఉండటానికి 600 డాలర్లు కావాలి. ఐన్‌స్టీన్ అడిగినా ఇన్‌స్టిట్యూట్ ఇవ్వనంది. తన జేబులోంచి ఇస్తానంటే ఇన్‌ఫెల్డ్ పుచ్చుకోలేదు. బదులుగా ఇద్దరూ కలిసి మామూలు పాఠకుల కోసం భౌతికశాస్త్రం మీద ఒక పుస్తకం రాద్దామని, వచ్చేదాంట్లో చెరి సగమని ఇన్‌ఫెల్డే ప్రతిపాదించాడు. ఐన్‌స్టీన్ ఒప్పుకున్నాడు. 1938లో వచ్చిన ఆ పుస్తకం బాగా అమ్ముడుపోయింది. నన్నడిగితే ఆయన చేసిన సహాయాల్లో అన్నిటికంటే తెలివైనది ఇదే. దానం కాదు, అప్పూ కాదు. పుచ్చుకున్నవాడు తల వంచుకోనక్కర్లేదు.

యుద్ధకాలంలో సైన్యం ఆయన్ని అణుబాంబు పనికి దూరంగా పెట్టినా, నౌకాదళం మాత్రం 1943లో పేలుడు పదార్థాల విషయంలో సలహాదారుగా తీసుకుంది, రోజుకి 25 డాలర్ల మీద. వాషింగ్టన్ వెళ్లే పని లేదు. కాగితాలు భౌతికశాస్త్రవేత్త జార్జ్ గామోవ్ పట్టుకొచ్చేవాడు.

యుద్ధబాండ్ల, అంటే యుద్ధ ఖర్చుకి ప్రభుత్వం జనం దగ్గర అప్పు తీసుకునే పత్రాల, కథ ఇంకా విచిత్రం. 1905 నాటి సాపేక్షతా వ్యాసం చేతిప్రతిని వేలానికి ఇమ్మని అడిగారు. అది అచ్చయ్యాక ఎప్పుడో పారేశాడు. అందుకని డూకాస్ అచ్చు ప్రతి చూసి చదువుతుంటే ఆయన మళ్లీ మొత్తం చేత్తో రాశాడు. మధ్యలో ఆగి, ఇది నేనే రాశానా, ఇంతకంటే తేలిగ్గా చెప్పొచ్చే అన్నాడట. 1944 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీలో జరిగిన వేలంలో దాని మీద 65 లక్షల డాలర్లు పలికాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. అది ఆ కాగితాల ధర కాదు. పాడుకున్న బీమా కంపెనీ అంత మొత్తానికి ప్రభుత్వ యుద్ధబాండ్లు కొంది. ఆ బాండ్లు కంపెనీవే, డబ్బు వడ్డీతో తిరిగొచ్చేదే. చేతిప్రతి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి వెళ్లింది. ఐన్‌స్టీన్ ఇచ్చింది తన చేతిరాత, చేతిలో పడ్డది సున్న.

1946లో, అణ్వాయుధాల ప్రమాదం గురించి జనానికి చెప్పడానికి పెట్టిన అణుశాస్త్రవేత్తల అత్యవసర సంఘానికి అధ్యక్షుడయ్యాక, పేరు పెట్టి డబ్బు రాబట్టే ఇదే పని పెద్దఎత్తున జరిగింది. ఆ మేలో పంపిన టెలిగ్రాముల్లో వెంటనే 2,00,000 డాలర్లు కావాలని కోరారు. విరాళాలు తగ్గి, సభ్యుల మధ్య అభిప్రాయాలు చీలి 1951లో సంఘం మూతపడింది.

ఇక ఇంటి పద్దులో అన్నిటికంటే చిక్కుముడి జూరిక్‌ది. 1918లో మొదటి భార్య మిలేవాతో విడాకుల ఒప్పందం రాసుకున్నప్పుడు, అప్పటికి ఇంకా రాని నోబెల్ బహుమతిని అందులో ఆస్తిగా చూపించాడు. షరతులు చాలా స్పష్టం. సొమ్ము మిలేవాది, స్విస్ బ్యాంకులో ఉంటుంది. వడ్డీ ఆమె ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు. అసలు ముట్టుకోవాలంటే ఆయన ఒప్పుకోవాలి. ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా, పోయినా కొడుకులకి. 1922లో వచ్చింది 1,21,572 స్వీడిష్ క్రోనర్లు. కాగితం మీద ఉన్నట్టు జరగలేదు. ఒక భాగంతో జూరిక్‌లో అద్దెలకిచ్చే ఇళ్లు కొన్నారు. మిగతాది అమెరికాలో పెట్టుబడి పెడితే ఆర్థికమాంద్యంలో చాలావరకు పోయింది.

ఆ తర్వాత చిన్నకొడుకు ఎడ్వర్డ్‌కి స్కిజోఫ్రీనియా. జూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లీ మానసిక ఆసుపత్రి ఖర్చు ఏళ్ల తరబడి సాగింది. అద్దెలతో తనఖా వడ్డీ కట్టుకుంటూ ఆసుపత్రి బిల్లులూ తీర్చడం మిలేవా వల్ల కాలేదు. రెండిళ్లు చేజారాయి. హుట్టెన్‌స్ట్రాస్ 62లో తాముండే ఇల్లు కూడా అప్పులవాళ్ల పాలు కాకుండా 1930ల చివర్లో యాజమాన్యం ఐన్‌స్టీన్ చేతికి మారింది. సముద్రం అవతల నుంచి నడిపే ఆస్తిలో వచ్చే తగువులన్నీ వచ్చాయి: ఇంట్లో ఉండేది ఒకరు, పట్టా ఇంకొకరిది. 1947లో ఆ ఇల్లు అమ్మేశారు. ఆ సొమ్ము ఎడ్వర్డ్ సంరక్షణకి ఉండాలన్నది ఆయన పట్టుదల. మరుసటి ఏడాది ఆగస్టులో మిలేవా పోయింది.

1950 మార్చి 18న రాసిన వీలునామా ఈ లెక్కల వెలుగులో చదవాలి. మార్గోట్‌కి 20,000 డాలర్లు. డూకాస్‌కి 20,000, ఆపైన బతికున్నంతకాలం రాయల్టీలు. ఎడ్వర్డ్‌కి 15,000, పెద్దకొడుకు హాన్స్ ఆల్బర్ట్‌కి 10,000. వయొలిన్ మనవడు బెర్న్‌హార్డ్‌కి. కొడుకుల కంటే సెక్రటరీకి ఎక్కువిచ్చాడని విడ్డూరంగా చెప్పుకుంటారు గాని, హాన్స్ ఆల్బర్ట్ అప్పటికి బర్కిలీలో ప్రొఫెసర్. ఎడ్వర్డ్ వైద్యం ఆగేది కాదు. ఇరవై రెండేళ్లుగా ఆయన టపా మోసిన డూకాస్‌కి వేరే ఆధారం లేదు. ఎవరికి ఎంత అవసరమో చూసి వేసిన అంకెలే అవి.

వీలునామా అమలు చేసే కార్యనిర్వాహకుడు న్యూయార్క్ విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్రవేత్త ఒట్టో నేథన్. ఆయన, డూకాస్ ధర్మకర్తలు. వాళ్ల తర్వాత చేతిప్రతులు, కాపీహక్కులు, రాయల్టీలు, 'అన్ని రకాల సాహిత్య ఆస్తి, హక్కులు' హీబ్రూ విశ్వవిద్యాలయానికి. ఎంత జాగ్రత్తగా రాయించినా ఒక్కటి వదిలేశారు: మొహం. 2009లో ఓ అమెరికన్ కార్ల కంపెనీ ప్రకటనలో కండలు తిరిగిన ఒంటి మీద ఐన్‌స్టీన్ తల అతికించి వేస్తే విశ్వవిద్యాలయం దావా వేసింది. మనిషి రూపాన్ని వాడుకునే హక్కు ఆ మనిషి చనిపోయాక 50 ఏళ్లకి మించి ఉండదని 2012లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ జడ్జి తేల్చాడు. ఆయన పోయింది 1955 ఏప్రిల్ 18న, అంటే ప్రకటన వచ్చేనాటికి గడువు దాటి నాలుగేళ్లు. దావా కొట్టేశారు. ఉత్తరాల మీద, రచనల మీద కాపీహక్కు సంగతి వేరు, అది ఈ తీర్పులోకి రాదు.